టేపుకు అటు కొసన

ఇప్పుడు గుహాలయాన్ని కొలవాలంటే మూడుకాళ్ళ స్టాండు మీద ఒక పెట్టె నిలబెట్టి, మీట నొక్కి, బయటికి వచ్చి టీ తాగుతున్నారు. టీ అయ్యేసరికి గుహంతా కంప్యూటర్లో ఉంటోంది. ఈ మధ్య ఉద్యోగంలో చేరిన పిల్లలు కొందరు నా దగ్గరికి వచ్చి, "మీ కాలంలో ఎలా చేసేవాళ్ళు సార్?" అని అడిగారు. మా కాలమంటే అదేదో రాజుల కాలమైనట్టు! నేను రిటైరై ఎన్నాళ్ళో కాలేదు. మేమూ సెల్‌ఫోన్లు పట్టుకునే కొండలెక్కాం. కొలతకు మాత్రం ఇనుప టేపే వాడాం. ఆఫీసుకు లేజరు పరికరం ఒకటి వచ్చింది గాని దాని చార్జరు రాలేదు. చార్జరు కోసం ఎదురుచూస్తూ నా సర్వీసు అయిపోయింది.

టేపు పట్టడానికి ఇద్దరు కావాలి. ఒకరు సున్నా కొస పట్టుకుని నిలబడాలి. ఇంకొకరు చుట్ట పట్టుకుని లోపలికి నడిచి, బిగించి లాగి, అంకె చదవాలి. చీకటి గుహలో ఒకరికొకరు కనబడరు. టేపు బిగుసుకుంటే, గొంతు వినబడితే, అటు కొసన మనిషి ఉన్నట్టు. నేను జీవితమంతా ఆ రెండింటినే నమ్ముకుని బొమ్మలు గీశాను. పాత గుళ్ళను చూసుకునే సర్కారు ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగం నాది. మీకు చెప్పబోయేది ఆ నమ్మకానికి బీట పడిన సంగతి. నమ్మితే నమ్మండి, లేకుంటే ముసలాడికి చాదస్తం అనుకోండి, నాకు రెండూ ఒకటే.

పుంగనూరు నుంచి వి.కోట పోయే దారిలో, రోడ్డు దిగి కాస్త లోపలికి వెళితే ఒక రాతికొండ ఉంది. దానికి ఒక పక్క గుహాలయం, ఇంకో పక్క గ్రానైట్ క్వారీ. క్వారీవాళ్ళు కొండను మెట్లు మెట్లుగా కోసుకుంటూ గుహ వీపు దాకా వచ్చారు. దిమ్మెలు లారీలకెక్కి కుప్పం వైపు పోయేవి. ఇంకో మెట్టు కోసుకుంటామని అనుమతి అడిగారు. కొండ కింద మేకలు మేపుకునేవాళ్ళు గుడి పోతుందని అడ్డం పడ్డారు. అప్పుడు మాకు పైనుంచి ఒక ఆదేశం వచ్చింది. గుహ వెనక గోడకూ క్వారీ అంచుకూ మధ్య ఎంత రాయి మిగిలిందో కొలిచి చెప్పమన్నారు. ఉండాల్సినంత రాయి ఉంటే కోత సాగుతుంది, లేకుంటే ఆగుతుంది. కోత సాగితే ఆ గుహ కప్పు నాలుగు పేలుళ్ళకు కూడా ఆగదని మాకూ తెలుసు, అనుమతి అడిగినవాళ్ళకూ తెలుసు. నా టేపు ఏ అంకె చూపిస్తే గుడి గతి అది.

వెళ్ళింది ముగ్గురం. మా ఆఫీసరు మేడం కోస్తా జిల్లాల పిల్ల. చదువు ముగించి నేరుగా ఉద్యోగంలోకి వచ్చింది. పనిలో శ్రద్ధ ఎక్కువ, నవ్వు తక్కువ. రెండో మనిషి మా ఫొటోగ్రాఫరు. మదనపల్లె వాడు, నాకంటే బాగా చిన్న. మాట్లాడకుండా వాడు ఊపిరి కూడా తీసుకోలేడని ఆఫీసులో అనేవాళ్ళు. పుంగనూరులో లాడ్జి తీసుకుని, రోజూ పొద్దున్నే జీపులో కొండకు పోయేవాళ్ళం.

గుహ చిన్నదే. ముందు రెండు స్తంభాల మంటపం ఉంది. స్తంభాలు కిందా పైనా చదరం, మధ్యలో ఎనిమిది పలకలు. వెనక ఒకే ఒక గర్భగుడి. కొండను తొలిచే శిల్పులు గోడ కట్టినట్టు కిందనుంచి పైకి రారు, పైనుంచి కిందికి దిగుతారు. పని మధ్యలో ఆగిన గుహలో కప్పు నున్నగా ఉంటుంది, నేల మొరటుగా ఉంటుంది. ఇక్కడా అంతే. గర్భగుడి తలుపుకు రెండు పక్కలా ద్వారపాలకులు ఉన్నారు. కుడివైపు వాడు గద మీద చెయ్యి ఆనించి, ఒక కాలు మడిచి, గుడ్లురిమి చూస్తున్నాడు. ఎడమవైపు వాడికి మెడలో హారాలు, పొట్ట మీద మడతలు, నడుముకు కట్టిన గుడ్డ ముడి కూడా చక్కగా చెక్కారు. ముఖం దగ్గర మాత్రం ఉత్త రాతి ముద్ద.

మేడం దాని ముందు చాలాసేపు నిలబడింది. "పైనుంచి చెక్కుతూ వచ్చేవాడు ముఖం వదిలేసి ఒళ్ళు చెక్కడు కదా సార్. తీరిక లేక వదిలింది కాదు ఇది. కావాలనే చెక్కలేదు" అంది. ఎందుకు చెక్కలేదో మా ఇద్దరికీ తోచలేదు.

ఆ గుహలో దీపం పెట్టేది ఒక అవ్వ. పొద్దు ఎక్కాక మేకల్ని తోలుకొచ్చి మంటపం ముందు నీడన నిలిపేది. మొదటి రోజు మేము లోపలికి పోబోతుంటే కర్ర అడ్డం పెట్టింది.

"ఆగండప్పా. ఎవురో సెప్పి పోండి. ఎడమచేతి పక్క ఆయప్పకు మొగం లేదు, కండ్లు లేవు. ఎవురొచ్చినారో ఆయప్పకెట్ల తెలస్తాది? పేరు సెప్పల్ల, ఎవురి బిడ్డో సెప్పల్ల. బయటికొచ్చేటప్పుడు పోతాండానని సెప్పల్ల. సెప్పకుంటే మీరు లోపలే ఉండారనుకుంటాడు."

మేడం చెప్పులు విడిచి, తన పేరూ తండ్రి పేరూ బుద్ధిగా చెప్పి లోపలికి పోయింది. తరువాతి వంతు ఫొటోగ్రాఫరుది. వాడు నా వైపు చూసి కన్నుగీటి, గొంతు పెంచి నా పేరు అరిచాడు. మా నాయన పేరూ, మా ఊరి పేరూ కూడా కలిపి అరిచి లోపలికి దూకాడు.

అవ్వ నవ్వలేదు. "నువ్వు ఆయప్పవి కాదు గదరా నాయనా?" అంది.

"అన్నకు సిగ్గవ్వా, అందుకే ఆయన మాట నేను సెప్పినా" అన్నాడు వాడు.

"పేరు ఎంగిలి మెతుకు గాదురా ఒకరిది ఇంకొకరు తినేకి" అని అవ్వ నా వైపు తిరిగింది. "నువ్వన్నా సెప్పప్పా, నేను ఇంగా ఈడ బయటనే ఉండానని."

నాకు అప్పటికే ఎండ నెత్తికెక్కుతోంది. ఎలాగూ నా పేరు పడింది కదా అవ్వా అని నవ్వేసి లోపలికి పోయాను. సాయంత్రం జీపు డ్రైవరు హారను కొడుతుంటే ఆదరాబాదరాగా బయటపడ్డాను. పోతాండానని నేను చెప్పలేదు. చెప్పాలని గుర్తు కూడా లేదు.

ఆ రోజంతా లోపలి కొలతలు తీశాం. మేడం మంటపం ముందు అంచున సున్నా కొస పట్టుకుంది, నేను చుట్టతో గర్భగుడి వెనక గోడ దాకా పోయాను. ఆ గోడ తరతరాల దీపం మసితో, మేకలకాపరుల మంటల పొగతో నల్లగా నిగనిగలాడుతోంది. నేను అంకె చదివినప్పుడల్లా నా గొంతే ఒక్క క్షణం ఆలస్యంగా తిరిగి వినబడింది. గుహల్లో ప్రతిధ్వని నాకు కొత్త కాదు. కాని ఇది గోడకు తగిలి వెనక్కి వచ్చినట్టు లేదు. గోడకు అవతల ఎవరో విని, మెల్లగా అప్పజెప్పినట్టుంది. చెవులు గీపెడుతున్నాయేమో అనుకుని టేపు మళ్ళీ బిగించాను.

మరుసటి రోజు కొండ పైభాగం కొలవాలి. గుహ ముఖం నుంచి కొండ మీదుగా క్వారీ అంచు దాకా ఎంతో తేలిస్తే, అందులోంచి గుహ లోతు తీసేస్తే మిగిలింది రాయి. ఫొటోగ్రాఫరూ నేనూ పెద్ద టేపు తీసుకుని పైకెక్కాం. చిన్న టేపు చుట్ట గర్భగుడిలోనే, దాని సున్నా కొస మంటపం అంచున, నిన్న వదిలినట్టే ఉన్నాయి. మేడం మంటపంలో కూర్చుని స్తంభాల బొమ్మ సరిచూసుకుంటోంది. బయట అవ్వా, మేకలూ. అంతే, ఇంకెవరూ లేరు. పట్టపగలు, ఎండ రాళ్ళ మీద మండిపోతోంది.

పని ముగించి దిగి వచ్చేసరికి నాలుక పిడచకట్టుకుపోయింది. మంటపంలో మేడం మాకు వీపు పెట్టి నిలబడి ఉంది. రెండు చేతులతో టేపు సున్నా కొస పట్టుకుంది. టేపు గర్భగుడి చీకట్లోకి బిగుసుకుని ఉంది. కొస వణుకుతోంది, గట్టిగా లాగి పట్టుకున్నప్పుడు వణికినట్టు.

"ఎవరిని పంపారు మేడం లోపలికి?" అన్నాను.

ఆమె ఇటు తిరిగింది. నన్ను చూసింది. మళ్ళీ లోపలికి చూసింది. ఆ ముఖంలోంచి రంగు దిగిపోవడం నేను కళ్ళారా చూశాను. అప్పుడు టేపు వదులైంది. మధ్యలో కిందికి జారి, నేల మీద చప్పుడు చేసింది. ఆమె కొస వదిలేసి స్తంభాన్ని పట్టుకుంది.

"ఇప్పటిదాకా మీరే కదా సార్ మాట్లాడారు" అంది.

ఫొటోగ్రాఫరు టార్చి తీసుకుని లోపలికి పరుగెత్తాడు. నేనూ వెనకే పోయాను. ఆ గదికి ఇంకో దారి లేదు. నక్కడానికి మూల కూడా లేదు. టేపు చుట్ట వెనక గోడ మొదట్లో పడి ఉంది. ముట్టుకుంటే చల్లగా ఉంది.

మేడం నీళ్ళు తాగాక మెల్లగా చెప్పింది. "లోపలినుంచి 'మేడం, జీరో పట్టుకోండి' అని వినబడింది. మీ గొంతే. మీరు ఏ పక్కనుంచో వచ్చి లోపలికి పోయారనుకున్నాను. కొస తీసి పట్టుకున్నాను. లాగారు. అంకె చెప్పారు. నిన్నటి కంటే రెండడుగులు ఎక్కువొచ్చింది. మళ్ళీ చదవండి సార్ అన్నాను. మళ్ళీ అదే చదివారు. మీరెప్పుడూ చదివినట్టే, అడుగులు మెల్లగా, అంగుళాలు వేగంగా."

నేను అంకెలు అలా చదువుతానని నాకే తెలియదు. అది విన్నాక నిజంగా భయమేసింది.

"అవ్వా, లోపలికి ఎవురన్నా పోయినారా?" అని గుమ్మం దగ్గరినుంచి అడిగాను.

"ఎవురూ పోలే" అంది అవ్వ, మేకపిల్ల కాల్లోంచి ముల్లు తీస్తూ. తల కూడా ఎత్తలేదు. "నువ్వే గదప్పా నిన్నట్నుంచీ లోపల ఉండేది."

ఆ సాయంత్రం లాడ్జి వసారాలో కూర్చుని లెక్క తేల్చాం. నేను కొలిచిన లోతు ప్రకారం ఉండాల్సిన దానికంటే ఒక అడుగు రాయి ఎక్కువే ఉంది. అంటే క్వారీకి ఇంకో మెట్టు దొరికినట్టే, గుడి పోయినట్టే. ఆ గొంతు చెప్పిన లోతు ప్రకారమైతే ఒక అడుగు తక్కువ. కోత ఆగాలి. మరుసటి రోజు పొద్దున రెవెన్యూవాళ్ళూ, క్వారీ మేనేజరూ వస్తున్నారు. వాళ్ళ ముందు ఏదో ఒక అంకె చెప్పాలి.

"నేను విన్నది వదిలేసి నిన్నటి అంకె చెప్పలేను సార్" అంది మేడం.

నాకు కోపం వచ్చింది. భయం దాచుకోవడానికి నాకు తెలిసిన దారి అదొక్కటే. "ఏం మేడం, దయ్యం కొలిచిందని సర్కారుకు చెబుతారా? గోడ ఉన్నదాకానే టేపు పోతుంది. రెండడుగులు గోడలోకి ఎట్ల పోతాది?" అని అరిచాను.

ఆమె నా కోపాన్ని పట్టించుకోలేదు. "గోడలోకి పోయే దారి ఉంటే పోతుంది. మనం ఆ గోడ రాయిని చూడనే లేదు సార్. మసిని చూశాం" అంది.

గుహాలయాలు కొలిచి కొలిచి తల నెరిసినవాణ్ణి. కొండను తొలిచిన గుహ కాబట్టి అన్ని గోడలూ కొండే అనుకున్నాను. మా వృత్తిలో అందరం చేసే పొరపాటే అది. గుడి కట్టిందైతే ప్రతి రాయీ తట్టి చూస్తాం. తొలిచిందైతే ఒక్క గోడ కూడా తట్టం. ఫొటోగ్రాఫరు ఆ రాత్రి అన్నం సగంలో వదిలి లేచాడు. "నీ పేరు యాల అరిచినానో అన్నా" అంటూ చెయ్యి కడుక్కోవడానికి పోయాడు.

పొద్దున్నే నీళ్ళ బిందెలూ, కొబ్బరి పీచూ తీసుకుని పోయాం. గుమ్మం దగ్గర మేడం పేరు చెప్పింది. ఫొటోగ్రాఫరు చేతులు కట్టుకుని, ఈసారి తన పేరే, తన నాయన పేరే చెప్పాడు. నేను నోరు తెరవబోతే అవ్వ కర్రతో వారించింది.

"నువ్వు సెప్పే పన్లేదులేప్పా. లోపలుండేవాడు మళ్ళా ఎట్లొస్తాడు?"

పక్కనే ముఖం లేని ద్వారపాలకుడు. ఆ రాతి ముద్ద నా వైపు తిరిగి ఉన్నట్టే అనిపించింది. తల వంచుకుని దాటిపోయాను.

వెనక గోడను కడగడం మొదలుపెట్టాం. మసి ముద్దలు ముద్దలుగా ఊడి, నల్లనీళ్ళు కాళ్ళ కిందుగా పారాయి. కాసేపటికి రాతి మీద ఒక సన్నని గీత తేలింది. తాడు పట్టినంత తిన్నగా ఉంది. దానికి అడ్డంగా ఇంకో గీత కనబడింది. రాళ్ళను నున్నగా కోసి, అతుకుల మధ్య సున్నం దట్టించి, ఎవరో అక్కడ అడ్డంగా గోడ కట్టారు. గుహ తొలిచిన కాలంలోనే కట్టి ఉండాలి, ఉలి పనితనం ఒకటే అని మేడం టార్చి దగ్గర పెట్టి చూపించింది.

అప్పుడే క్వారీ మేనేజరు వచ్చాడు. కుప్పం మనిషి, మాట సౌమ్యం. "ఏంది సార్, గోడకు తలంటి పోస్తాండారు?" అన్నాడు. అతని వెనకే రెవెన్యూవాళ్ళు వచ్చారు. మేడం జరగబోయేది వాళ్ళకు చెప్పి, వాళ్ళ ఎదుటే ఒక రాయి తీయిస్తానంది. గడ్డపార పట్టి తీసింది క్వారీలో పనిచేసే రాళ్ళు కొట్టే ఆయనే. సున్నం రాలింది, రాయి కదిలింది, కిందికి దిగింది. లోపలినుంచి చల్లని గాలి ఒక్కసారి మా ముఖాలకు కొట్టింది. మేడం టార్చి ఎత్తింది.

లోపల, కొండ రాతిలోనే మలిచిన దేవుడు. పైనుంచి చెక్కుతూ వచ్చారు. కిరీటం పూర్తయింది. నుదురు పూర్తయింది. కనుబొమలూ, కళ్ళూ, కంటిపాపలూ పూర్తయ్యాయి. ముక్కు సగం అయింది. దాని కింద ఉత్త రాయి. నోరు లేదు. మెడ లేదు, చేతులు లేవు. ఏ దేవుడో చెప్పడానికి చేతుల్లో ఆయుధాలు కూడా లేవు. ఆ కళ్ళు మాత్రం సూటిగా, తీసిన రాతి సందులోంచి మమ్మల్నే చూస్తున్నాయి.

"కళ్ళు చివర తెరవాలి. ఒళ్ళంతా ముగిశాక, పూజ చేసి తెరవాలి. ఈ శిల్పి ముందే తెరిచాడు. తెరిచి, ఆ చూపు చూసి, భయపడి ఉంటాడు. అందుకే అడ్డంగా గోడ కట్టారు. కాపలావాడికి ముఖం పెట్టనిది కూడా అందుకేనేమో, వాడికి ఇవి కనబడకూడదని" అంది మేడం. గొంతు గుసగుస కంటే పైకి లేవలేదు.

ఫొటోగ్రాఫరు మెడలో కెమెరా వేలాడుతూనే ఉంది, వాడు దాన్ని ముట్టుకోలేదు. నేను మాత్రం ఆ ముక్కు కింది రాతిని చూస్తూ నిలబడిపోయాను. ఆ కళ్ళకు అన్నీ తెలుస్తున్నాయి. వెనకనుంచి కొండను కోసుకొస్తున్న సంగతీ, వీపు మీద ఎంత రాయి మిగిలిందన్న సంగతీ తెలుసు. చెప్పుకోవడానికే నోరు లేదు. ఇన్ని వందల ఏళ్ళలో మొదటిసారి ఎవరో గుమ్మంలో ఒక పేరు వదిలేసి పోయారు. దాంతోపాటు దొరికిన గొంతును అది వాడుకుంది. నాకు ఏడుపొచ్చింది. భయంతోనో జాలితోనో ఈ రోజుకీ చెప్పలేను.

టేపు పట్టాం. సున్నా కొస నేను పట్టుకున్నాను. ఫొటోగ్రాఫరు సందులోంచి చెయ్యి చాపి చుట్టను రాతికి ఆనించి అంకె చదివాడు. మేడం విన్న అంకే అది. అంగుళం కూడా తేడా లేదు.

మేనేజరు సందులోంచి చూసి, తలకు కట్టుకున్న తువాలు విప్పి చేతిలో పట్టుకున్నాడు. "ఇంగ కోసేది లేదు సార్, అర్థమైంది" అన్నాడు. తరువాత నా దగ్గరికి వచ్చాడు. "ఈ గోడ ఎనకాల జాగా ఉండేది మీకెట్ల తెలిసె సార్?"

మేడం నా వైపు చూసింది. అందరూ చూశారు. నేను నోరు తెరిచాను. మాట రాలేదు. గొంతులో ఏదో అడ్డం పడినట్టు కాదు, అసలు అక్కడ ఏమీ లేనట్టుంది. మేనేజరు జవాబు కోసం కాసేపు చూసి, పెద్దాయన ఎండదెబ్బ తిన్నాడనుకుని, ఎవరినో నీళ్ళు తెమ్మన్నాడు.

అవ్వ నా చెయ్యి పట్టుకుని బయటికి నడిపించుకొచ్చింది. గుమ్మంలో నిలబెట్టి, నా బదులు తనే చెప్పింది. నా పేరు, మా నాయన పేరు, మా ఊరు. మొదటి రోజు విన్నవే, ఒక్కటీ తప్పు పోకుండా చెప్పింది. "పని అయిపాయె గదా సామీ. ఈయప్పను ఇంగ పంపించు. ఇంటికాడ ఆడది ఎదురుసూస్తా ఉంటాది" అంది. లోపలినుంచి ఏ చప్పుడూ రాలేదు.

మధ్యాహ్నానికి క్వారీ యంత్రాలు కొండ దిగడం మొదలైంది. మేము పుంగనూరు తిరిగి వచ్చి బస్టాండు పక్కన టీ అంగడి ముందు ఆగాం. నేను అప్పటిదాకా పెదవి విప్పలేదు. మేడమూ నేనూ ఎదురెదురుగా బెంచీల మీద కూర్చున్నాం. మా మధ్య రెండడుగుల దూరం కూడా లేదు. అంగడామె ఇచ్చిన టీ ఒక గుక్క తాగి, "చక్కెర తక్కువ వేసినావమ్మా" అన్నాను. గొంతు వచ్చింది. నా గొంతే, ఎప్పటిదే.

మేడం చేతిలో గ్లాసు ఒలికింది. ఆమె నా వైపు చూడలేదు. ఎవరో వెనకనుంచి పలికినట్టు, చటుక్కున వెనక్కి తిరిగి చూసింది.